రీటేక్ ఒప్పుకోని చీమలు

2023 ఏప్రిల్‌లో, నూజివీడు బస్టాండు దగ్గరున్న మా స్టూడియోకి పద్మజగారని హైదరాబాదు నుంచి ఒక డాక్యుమెంటరీ దర్శకురాలు వచ్చారు. మామిడితోటల్లో బతికే పురుగుల మీద సినిమా తీస్తున్నారావిడ. వెంట తెచ్చుకున్న కెమెరామన్ వడదెబ్బ తగిలి ఊరికి వెళ్లిపోయాడట. "మీ దగ్గర మాక్రో లెన్స్ ఉందని చెప్పారండీ" అన్నారు. ఉంది. చిన్న వస్తువుకు బాగా దగ్గరగా వెళ్లి తెర నిండా చూపించే లెన్స్ అది. పెళ్లిళ్లలో మంగళసూత్రాలు, మెట్టెలు తీయడానికి కొనుక్కున్నాను. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, మా చర్చిలో బాప్తిస్మాలు తీస్తున్నదాన్ని. పెళ్లికూతురి చీర మీద చీమ పాకితే షాట్ ఆపి దులిపించేదాన్ని. అలాంటిది చీమనే తీయమంటే నవ్వొచ్చింది.

చాట్రాయి వైపు ఒక బంగినపల్లి తోటకి తీసుకెళ్లారు. ఆ ఏడు ఆ తోట కాపు కొన్నది నాగేశ్వరరావుగారు, మా ఊళ్లో మామిడికాయల వ్యాపారి. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి వీడియో నేనే తీశాను. తోట చివరి చెట్టుకి, నా భుజం ఎత్తులో, ఎర్రచీమల గూడు ఉంది. పచ్చి ఆకుల్ని దగ్గరకు లాగి, అంచులు కుట్టి బంతిలా కట్టుకుంటాయవి. ఆ కుట్టుపని తీయాలన్నదే పద్మజగారి పట్టుదల. "తక్కినవన్నీ అయ్యాయండీ. ఇది లేకపోతే నా సినిమాకి ప్రాణం లేదు" అన్నారు.

చీమలు మాత్రం మా కోసం ఏమీ చేయడం లేదు. గూడు కట్టడం ఎప్పుడో అయిపోయింది. పైన తిరుగుతున్నాయి, వస్తున్నాయి, పోతున్నాయి. ముందు ట్రైపాడ్ మీదికి ఎక్కి, అక్కడి నుంచి నా చేతుల మీదికి వచ్చి కరిచాయి. మంట నషాళానికి అంటింది. పెళ్లి వంటల దగ్గర లడ్డూలున్న బల్లకాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టడం గుర్తొచ్చి, ట్రైపాడ్ కాళ్లను కూడా అలాగే నీళ్ల గిన్నెల్లో నిలబెట్టాను. దాంతో ఆ బెడద తగ్గింది. అసలు కష్టం ఫోకస్‌ది. మాక్రోలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే బొమ్మ స్పష్టంగా కనబడే మందం, దారమంత కూడా ఉండదు. చీమ కన్ను స్పష్టంగా ఉంటే కాలు మసకబారుతుంది. నేను గట్టిగా ఊపిరి వదిలినా ఆకు కదిలి అంతా పోతుంది.

ఈలోగా కోత దగ్గరపడింది. చీమలున్న చెట్టెక్కమంటే కోతమనుషులు ఒప్పుకోరు. అందుకని ముందురోజు గూళ్లున్న కొమ్మలు కోసి తగలబెట్టడం మామూలే. నాగేశ్వరరావుగారు వచ్చి విషయం చెప్పేశారు.

"ఎల్లుండి ఈ వరసే అమ్మాయ్. మీ సినిమా సంగతి రేపటికి తేల్చుకోండి."

"అవి కట్టడం లేదండీ, ఏం చేయమంటారు?" అన్నాను.

"దానికేంటి, ఆ గూడు కాస్త చింపెయ్. మళ్లీ కట్టుకుంటాయి. మా అల్లుడి చేత రెండోసారి తలంబ్రాలు పోయించావుగా, ఇదేమంత పనా నీకు?"

నిజం చెప్పాలంటే నాకూ అదే తోచింది. మా వృత్తిలో రీటేక్ చాలా మామూలు మాట. వరుడు సరిగా నవ్వకపోతే మళ్లీ నవ్వాలి, దండ వంకరగా పడితే తీసి మళ్లీ వేయాలి. నేను పుల్ల కోసం కిందికి చూస్తుంటే పద్మజగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దండీ. మనం చింపితే అది మన పనవుతుంది. వాటి పని వాటినే చేసుకోనిద్దాం. దొరక్కపోతే దొరకదు."

ఎంత బాగా చెప్పారో! అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఎండలో మాడి, చేతికందే దాన్ని వదిలేయడం ఏంటనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. ఏప్రిల్లో గాలంటే మా ప్రాంతంలో అందరికీ గుండె దడే. కెమెరా మీద టార్పాలిన్ కప్పి ఇద్దరం పాకలోకి పరిగెత్తాం. తోటంతా దబదబమని కాయ రాలుతున్న చప్పుడు. గాలి తగ్గాక బయటికి వస్తే కాలు పెట్టడానికి చోటు లేదు. తెల్లారితే బుట్టలకెక్కాల్సిన కాయ నేల మీద పగిలి పడి ఉంది. నాగేశ్వరరావుగారు ఒక ప్లాస్టిక్ ట్రే బోర్లించి దాని మీద కూలబడ్డారు.

ఇంతలో పద్మజగారు నన్ను పిలిచారు. పై నుంచి విరిగిపడ్డ కొమ్మ తగిలి గూడు ఒక పక్క చీలిపోయింది. గాలి పూర్తిగా ఆగిపోయింది, ఆకు కదలడం లేదు. మబ్బు వెలుతురు మెత్తగా పడుతోంది. ఫోకస్ కలిపాను.

నా జన్మలో అలాంటిది చూడలేదు. చీలిన అంచు దగ్గరికి చీమలు వరసగా వచ్చి నిలబడ్డాయి. అవతలి ఆకు అందడం లేదు. ఒక చీమ నడుమును ఇంకొకటి పట్టుకుంది, దాని నడుమును మరొకటి. అలా గొలుసు కట్టి, చివరిది అవతలి అంచును నోట కరిచింది. అన్నీ కలిసి వెనక్కి లాగడం మొదలుపెట్టాయి. ఆకు రవ్వంత, రవ్వంత దగ్గరికొచ్చింది. అప్పుడు లోపలి నుంచి మరో చీమ బియ్యపుగింజంత తెల్లటి పిల్లను నోట పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల మూతిని ఈ అంచుకు తాకించింది, ఆ అంచుకు తాకించింది. తాకిన చోటల్లా సన్నటి పట్టుదారం మెరిసింది. నాకు తెలియకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోకస్ పోతుందేమోనన్న భయంతో తుడుచుకోలేదు.

ఎప్పుడు వచ్చారో, నాగేశ్వరరావుగారు నా వెనక నిలబడి మానిటర్ చూస్తున్నారు.

"ఇల్లు కూలింది కదా, కాసేపు ఏడ్చేదైనా లేదా వీటికి?" అన్నారు మెల్లగా. "ఆ తెల్లదేంటి మేడం గారూ?" అని పద్మజగారిని అడిగారు.

"వాటి పిల్లండీ. పెద్ద చీమలకు దారం రాదు. పిల్లకే వస్తుంది. తన చుట్టూ గూడు కట్టుకోవడానికి ఉండాల్సిన దారం అది."

"మరి దానికో?"

"మిగలదండీ. అంతా ఇంటికే ఇచ్చేస్తుంది."

కోతమనుషులు పిలిచినా చీలిక పూడేదాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు. వెళ్తూ వెళ్తూ, "ఆ చెట్టు జోలికి ఎవరూ పోకండ్రా. దాని కాయ పోతే పోయింది" అని కేకేసి చెప్పారు. తోట నిండా రాలిన కాయ మధ్య నిలబడి ఆ మాటన్న మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ శ్రావణంలో వాళ్ల రెండో అమ్మాయి పెళ్లి. సూత్రం కట్టేటప్పుడు పెళ్లికొడుకు చేతులు వణికి ముడి జారింది. పెళ్లికూతురు జడ కింద నుంచి చెయ్యి వెనక్కి పోనిచ్చి, ఒక్క వేలితో దారాన్ని అదిమి పట్టుకుంది. ఆ వేలు ఆసరాగా అతను ముడి వేశాడు. మగపెళ్లివారి పెద్దాయన ఒకరు, "ఏమ్మా, అది బాగా వచ్చుండదు. మళ్లీ ఒకసారి పట్టుకోమను, నీట్‌గా తీసుకో" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే నాగేశ్వరరావుగారు అందుకున్నారు. "అక్కర్లేదు బావగారూ. మా వీడియో అమ్మాయి చీమల దగ్గర పని నేర్చుకుంది."

పక్కనున్నవాళ్లు అర్థం కాక మొహాలు చూసుకున్నారు. మేమిద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి నేను ఏ పెళ్లిలోనూ మళ్లీ చేయమని అడగలేదు. ఇద్దరు మనుషులు ఇల్లు కట్టుకునేటప్పుడు ఒకరి చెయ్యి వణుకుతుంది, ఇంకొకరి వేలు వచ్చి పట్టుకుంటుంది. ఆ వేలి కోసమే ఇప్పుడు నేను ఫోకస్ కలిపి, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాను.