పెడన అద్దకపాయన అడిగిన మాట

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో అలసిపోయి కూర్చున్నాను. ఫోన్లో అన్నయ్య మీద అరుస్తున్నాను.

"చవకదైతేనేం అన్నయ్యా! ఈ కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు స్పీడు అదిరింది. చనిపోయిన నానమ్మ ఫొటోలతో సహా అన్నీ అందులోకి ఎక్కించేశా. ఇంటికెళ్లగానే పాత హార్డ్ డిస్కు తుడిచేస్తా."

పక్క సీటాయన నావైపు తిరిగారు. గోళ్లనిండా ఎర్రరంగు. పెడనలో కలంకారీ అద్దకం పనట.

"కొత్తరంగు మాకూ అంతే బాబూ, అద్దగానే అదిరిపోద్ది. అయినా పాతరంగు పారబోయం. కొత్తదాన్ని గుడ్డముక్క మీద అద్ది, ఉతికి ఎండేసి, మళ్లీ ఉతుకుతాం. నువ్వెన్నిసార్లు ఉతికావు?"

"ఇది కంప్యూటరు వస్తువండీ!" అని కసిరాను.

"అలాగా! అయితే అది పోతే నానమ్మగారిని మళ్లీ ఫొటో తీసుకోవచ్చన్నమాట."

నాకు ఒళ్లు మండింది. ఆయన పెడనలో దిగిపోయారు. అయినా ఆరోజు పాత డిస్కు తుడవకుండా అలమరలో పడేశాను.

మూడు నెలలకి ఆ ఎస్‌ఎస్‌డీ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. షాపువాణ్ని తిడదామని ఫోను తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను. అలమరలోని పాత డిస్కు తగిలించాను. అది గరగరలాడింది. చాలాసేపటికి, నెమ్మదిగా, నానమ్మ తెరమీదకి వచ్చింది.