కృపమ్మ ఇచ్చిన టీ

బెంగాల్లో ఓ రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే కృపమ్మకి చెయ్యి రెండుసార్లు విరిగింది. విరిచింది మొగుడు తీతు. రెండుసార్లూ తాను పనిచేసే వార్డులోనే కట్టు కట్టించుకుని, మెట్ల మీద జారానని రాయించింది. మూడోసారి దెబ్బలు తిన్నాక ఆ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని క్వార్టరు ఆమె ఉద్యోగం మీద వచ్చిందే. తొంభై రెండులో మేదినీపూర్ కోర్టుకెక్కి, వేరుగా ఉంటానని కేసు వేసి, తీతు ఆ గడప తొక్కకూడదని, తన మీద చెయ్యి వేయకూడదని ఆర్డరు తెచ్చుకుంది. తీతు ఊళ్ళోనే ఝపటాపూర్‌లో అన్న పంచన చేరాడు. ఆర్డరు గడువు ఆరునెలలు.

అది తీరడానికి ఇంకా పదిరోజులుందనగా, తెలుగు చర్చి సంఘం వారి గురువారం ప్రార్థన కృపమ్మ ఇంట్లో పెట్టారు. ఇంటి ప్రార్థనకి వచ్చినవాళ్ళని గుమ్మంలో ఆపే అలవాటు మనవాళ్ళలో లేదు. సంఘ పెద్ద సుందర్ రాజు అది తెలిసే తీతుని వెంటబెట్టుకొచ్చాడు. మొగుడూ పెళ్ళాలని కలిపేద్దామనుకున్నాడు, మహానుభావుడు! పదిమందిలో కృపమ్మ అతన్ని పొమ్మనలేకపోయింది. అందరితోపాటు తీతుకీ ఓ కప్పు టీ ఇచ్చింది. ఆమె చేసిన పొరపాటు అదే.

అందరూ వెళ్ళాక తీతు వంటగదిలోకి వచ్చి ఆమె మణికట్టు మెలిపెట్టాడు.

"ఆర్డరు అయిపోనీ, అప్పుడు సెప్తాను నీ పని," అన్నాడు.

మరిచిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చిన పొరుగింటావిడ సూసన్న అది చూసి కేక పెట్టింది. తీతు జారుకున్నాడు.

మర్నాడే కృపమ్మ గడువు పొడిగించమని వకీలుచేత అర్జీ రాయించింది. సంగతి తెలిసి సుందర్ రాజు పరుగెత్తుకొచ్చాడు.

"మల్లీ కోర్టేటి కృపమ్మా? సంఘం పరువు పోద్ది."

"నా సెయ్యి ఇరిగినప్పుడు పోలేదేటి పెద్దయ్యా, ఆ పరువు?"

విచారణనాడు కృపమ్మ, సూసన్న లోకల్ రైలెక్కి మేదినీపూర్ వెళ్ళారు. తీతు వకీలు లేచి, ఇక ఆర్డరు అవసరమేముంది, ఈమే ఇంట్లోకి రానిచ్చి టీ కూడా ఇచ్చింది కదా, అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆర్డరు పోతే సాయంత్రానికల్లా తీతు గుమ్మంలో ఉంటాడు. టీ ఇచ్చిన మాట నిజమేనా అని జడ్జిగారు అడిగారు.

ఇరవై ఏళ్ళుగా రోగులతో మాట్లాడుతున్న బెంగాలీలోనే ఆమె జవాబు చెప్పింది.

"నిజమే బాబూ. నేను తలుపు తీసింది ప్రార్థనకి, ఇతనికి కాదు. వచ్చినవాళ్ళందరికీ టీ ఇచ్చాను. ఇతను నాకు ఇచ్చింది ఇదీ."

ఇంకా కమిలి ఉన్న మణికట్టు ఎత్తి చూపించింది. తర్వాత సూసన్న బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పింది. కేసు తేలేదాకా ఆర్డరు పొడిగించారు. మెట్ల మీద జారానని రాయించుకున్న మనిషేనా ఈమె అని సూసన్న విస్తుపోయింది. ఆమెని చూసి గర్వంగా ఉండదూ మరి!

ఆదివారం ఆరాధన అయ్యాక, వచ్చే గురువారం ప్రార్థన ఎవరింట్లో అని సుందర్ రాజు అడిగాడు. అందరికన్నా ముందు కృపమ్మ చెయ్యెత్తింది. విరిగి అతుక్కున్న చెయ్యే.

గురువారం సాయంత్రం అందరూ వచ్చేసరికి ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎనకాల ఎవరున్నారో ఓపాలి సూడనీండి, పెద్దయ్యా."

సుందర్ రాజు చెప్పులు విడిచి, తల దించుకున్నాడు.

"మనోల్లే అమ్మా. ఆడిని తేలేదు."

కృపమ్మ పక్కకి తప్పుకుని దారిచ్చింది. ప్రార్థన అయ్యాక మొదటి కప్పు టీ ఆయనకే ఇచ్చింది.