ప్రతి ఫొటోలోనూ ఆవిడే

వీధి మలుపులో ఒంటిగది కుట్టు దుకాణం ఆవిడది. జిప్పులు మార్చడం, పొడుగు ప్యాంట్లు కుదించడం, పాత కోట్లకు అస్తరు వేయడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. తనకంటే పెద్దవాళ్లు కూడా దర్జీ అక్క అనే పిలుస్తారు. బట్ట చూసి మనిషి గుట్టు చెప్పగలదని పేరు. ఎవరి జేబు ఎందుకు చిరుగుతుందో, ఎవరి నడుము ఎప్పుడు సన్నబడిందో అన్నీ తెలుసు, కానీ పెదవి దాటనివ్వదు. అలాంటి మనిషికి సొంత మొగుడి ప్యాంటు అంతుపట్టకుండా పోయింది.

ఆయన ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు రాసుకొచ్చినవాడు. ఉద్యోగం అయిపోయాక, నడవకపోతే కాళ్లు పట్టేస్తాయంటూ రోజూ పొద్దున్నే బయలుదేరేవాడు. మొదటి నెల నమ్మింది. రెండో నెలలో ప్యాంటు మోకాళ్ల మీద తుప్పు మరకలు కనబడ్డాయి.

“ఎక్కడిదండీ ఈ తుప్పు?”

“పాత బెంచీ మీద కూర్చున్నాలే.”

“మోకాళ్లతోనా?”

ఆయన వినబడనట్టు మంచినీళ్లకు వెళ్లిపోయాడు. ఆవిడ మరి రెట్టించలేదు. రెట్టిస్తే జాగ్రత్తపడతాడని ఆవిడకు తెలుసు.

ఓ వారం పోయాక ఆయన పాత డ్యూటీ సంచి పట్టీ ఊడిందని మిషను మీద వేసింది. అడుగున ఓ కవరు తగిలింది. అందులో ఫొటోలు. తుప్పు పట్టిన గేటు, ఒరిగిన స్తంభం, అద్దాల్లేని కిటికీలు, గడ్డిలో మునిగిన ఇనుప కుర్చీ, పొగ రాని పొడుగాటి చిమ్నీ. తన తమ్ముడు మూలన పడేసిన కెమెరా ఆయన బాగు చేయిస్తానని పట్టుకెళ్లింది ఇందుకన్నమాట. మనిషికి మతి చలించిందేమో అనుకుంది. నాలుగో ఫొటో దగ్గర చెయ్యి ఆగింది. గోడ పక్కన ఎవరో ఉన్నారు, గింజంత. ఐదో దాంట్లో స్తంభం వెనకా అదే మనిషి. ఆరో దాంట్లోనూ అంతే.

చిరుగులు సన్నగా రఫ్ఫు చేయడానికి వాడే భూతద్దం తీసింది. ఖాకీ కోటు, ఆడమనిషి, ఎడమ భుజం కాస్త కిందకు ఉంది. మొహం ఆనలేదు గానీ ఆ భుజం ఆవిడకు తెలుసు. కొలతల పుస్తకం తిరగేసింది. ‘సీసాల ఫ్యాక్టరీ వాచ్‌మన్ కోటు, చేతులు కుదించాలి, ఎడమ భుజం అర అంగుళం తక్కువ.’ కిందటేడు భర్త పోతే ఆయన ఉద్యోగంలో చేరి, ఆయన కోటునే తన ఒంటికి సరిచేయించుకున్న మనిషి. ఈవిడతో తన మొగుడికేం పని?

మర్నాడు ఆయన వెళ్లిన కాసేపటికి కవరు చేత్తో పట్టుకుని దుకాణానికి తాళం వేసింది. ఊరి చివర, మూతపడి పదేళ్లయిన సీసాల ఫ్యాక్టరీ. ఆయన గేటు ముందు మోకాళ్ల మీద కూర్చుని కెమెరా కంటికి ఆనించుకున్నాడు. గేటుకు నలభై అడుగుల అవతల, గోడ చాటున, ఖాకీ కోటు. దొరికారనుకుంది. కానీ ఇద్దరికీ మాటల్లేవు. ఆయన కుడికి జరిగితే కోటూ జరిగింది. ఆయన ఆగితే ఆగింది. ఇదేం సరసమో ఆవిడకు బోధపడలేదు. నీళ్ల ట్యాంకు చాటునుంచి మెడ చాపింది.

“ఎవరది? ఓహో, ఇంకొకరు కూడా ఉన్నారా!” కాపలావిడ కర్ర ఎత్తుకుని వచ్చింది. దగ్గరికొచ్చి ఆగింది. “మీరు... నా కోటు సరిచేసిన అక్క కదూ?”

“అవును. ఆయన నా మొగుడు.”

“అయితే ఇద్దరూ కలిసే చేస్తున్నారన్నమాట!”

“ఏం చేస్తున్నామమ్మా?”

“ఇనుము ఎక్కడెక్కడుందో ఫొటోలు తీసి, దొంగతనంగా ఎత్తుకెళ్లే లారీవాళ్లకి చూపిస్తున్నారు. రెండు నెలల్నుంచి వెనకాలే తిరుగుతున్నా. ఒక్క మేకు పోయినా నా మెడకే చుట్టుకుంటుంది.”

ఆయన మోకాళ్లు దులుపుకుని లేచాడు. “నేనేమో ఈవిణ్ని ఓనరు పంపించాడనుకున్నా. అందుకే నోరెత్తలేదు.”

“ఇంట్లో ఎందుకు ఎత్తలేదు?” అంది దర్జీ అక్క.

“నవ్వుతావని. ముప్పై ఏళ్లు తలుపుల వెనక అంకెలే చూశానే. ఏ ఇంటి గోడ ఏ రంగంటే చెప్పలేను. ఇప్పుడు తీరిగ్గా చూద్దామనిపించింది.”

“మరి అన్నిట్లోనూ ఈవిడెందుకు?”

“ఎటు తిప్పినా ఈవిడే వస్తోంది! మొదట చిరాకేసింది. ఓసారి ఈవిడ లేకుండా చిమ్నీ తీస్తే అగ్గిపుల్లలా ఉంది. పక్కన మనిషుంటేనే దాని ఎత్తు తెలిసేది.”

ఇద్దరాడవాళ్లూ నమ్మలేదు. కాపలావిడ కవరు లాక్కుని ఒక్కో ఫొటో తిప్పింది. తన బొమ్మ చూసుకుని పెదవి విరిచింది. ఒకచోట ఆగి, కళ్లు చిట్లించి, వెనక షెడ్డు వైపు పరుగులాంటి నడక నడిచింది. ఫొటోలో షెడ్డు గోడకు పెద్ద ఇనుప చక్రాలు నాలుగున్నాయి. గోడకిప్పుడు మూడే. నాలుగోదాని చోట పాత గోనెపట్టా వేలాడుతోంది.

“కిందటి ఆదివారం మేనేజరు నన్ను సెలవు తీసుకోమన్నాడు,” అంది మెల్లగా. “నేనడక్కుండానే.”

ఆ ఫొటో కిందటి శుక్రవారం తీసింది. వెనకాల ఆయన మీటర్ల చేతిరాతతో తేదీ వేసి ఉంది. ముగ్గురూ కలిసి దాన్ని ఓనరుకు చూపించారు. ఓనరు ముందూ వెనకా తిప్పి చూసి, మీరెందుకు తీశారిదని మూడుసార్లు అడిగాడు. పై వారం నుంచి మేనేజరు కనబడలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. కాపలావిడ ఉద్యోగం మాత్రం నిలిచింది.

ఇప్పుడు గురువారాలు దర్జీ అక్క పొద్దున దుకాణం తెరవదు. సంచి మోయడానికే వెళ్తున్నానంటుంది. కాపలావిడ ఆయన్ను లోపలికి రానిస్తుంది గానీ, బయటికెళ్లేటప్పుడు సంచి వెతక్కుండా వదలదు. మొన్న ఆయన భార్యను బాయిలరు పక్కన నిలబడమని, కెమెరాతో నాలుగడుగుల దగ్గరికి వచ్చాడు. ఆవిడ కొంగు సర్దుకుని నిలబడి, కాపలావిడ వైపు చూపిస్తూ, “ఈవిణ్నెప్పుడైనా ఇలా దగ్గరగా తీశారా?” అని అడిగింది.

“లేదే.”

“సరే, తియ్యండి.”