తెలియనిది ముందు రాసిన మనిషి

ఆచార్య సన్యాసిరావు గారు అస్తమించారన్న వార్త గత మంగళవారం ఉదయం నాకు చేరింది. అప్పుడు నేను మేడ మీద నిలబడి, నిత్యవిధిగా, ఆనాటి గాలి దిశను పుస్తకంలో నమోదు చేస్తున్నాను. కలం ఆగిపోయింది. ఆ పంక్తి అసంపూర్ణంగానే ఉండిపోయింది. ఇన్నేళ్ల నా పుస్తకాలలో అటువంటిది మరొకటి లేదు.

వారిని స్మరించవలసిందిగా మన పత్రిక నన్ను కోరింది. వారిపట్ల దీర్ఘకాలం అసూయతో బతికినవాణ్ణి నేను. ఆ సంగతి మరుగుపరిచి రాసే నివాళి అసత్యపత్రమే అవుతుంది.

మల్కాపురం ఇళ్లపై పడే నల్లదుమ్ము గురించి ప్రభుత్వం సలహా అడిగినప్పుడు నగరంలోని మూడు విద్వత్పరిషత్తులు (విజ్ఞాన, వైద్య, సాంకేతిక) మూడు లేఖలు రాశాయి. ఒకదానికొకటి పొసగలేదు. అధికారులు మూడింటినీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేశారు. సాంకేతిక పరిషత్తు కార్యదర్శిగా ఆ అవమానంలో నాకూ భాగముంది. అప్పుడు విజ్ఞాన పరిషత్తు అధ్యక్షులైన సన్యాసిరావు గారు అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఎవరికి ఏది తెలుసు, ఏ ఆధారంతో తెలుసు, ఏది తెలియదు అన్నది తేలేదాకా సలహా అన్న మాటే ఎత్తవద్దన్నారు. తెలియనివాటి పుట నివేదికలో మొదట ఉండాలన్నది వారి నియమం.

నేను మండిపడ్డాను. "తెలియదని ముందే రాస్తే మనల్ని ఎవరు లెక్కచేస్తారండీ?"

"తెలీనిది దాసీసి సెప్తే, బావా, రేపు ఒక్కటి తప్పని తేలినా మిగతావన్నీ సెత్తబుట్టలోకి ఎల్పోతాయ్!"

మాకు ఏ బంధుత్వమూ లేదు. అయినా నిండు సభలో బావా అనేవారు. సమావేశ వివరాలలో నేను దానిని 'కార్యదర్శి గారూ' అని సవరించి రాసేవాణ్ణి.

ఒకసారి ఇద్దరం మల్కాపురం వెళ్లాం. గుమ్మం ముందు చేపలు ఎండబెడుతున్న నూకాలమ్మ అనే ఆమె మమ్మల్ని చూసి, "మల్లీ వొచ్చేరేటి బాబూ? రాసుకోడమేనా, దుమ్మాపీదేటైనా ఉందా?" అంది. నేను తల తిప్పుకున్నాను. ఆయన అరుగు మీద చతికిలబడ్డారు.

"ఏ నెల్లో ఎక్కువ పడతాదమ్మా?"

"నెల్తో పనేటి బాబూ? గాలిని అడగండి. గాలి ఇటు తిరిగిందంటే నా సేపలు బొగ్గుముక్కలే!"

ఆ మాటను రుజువు చేయగలిగినవి నా గాలి పుస్తకాలే. విజ్ఞాన పరిషత్తు దుమ్ము కొలతలనూ వైద్యుల దగ్గు రోగుల చిట్టాలనూ వాటి పక్కన పెడితే మూడూ ఒకే మాట పలికాయి: గాలి అటు తిరిగే రోజులలో రేవులోని బొగ్గుగుట్టలను కప్పి తడపాలి.

దానిని వివరించడానికి మూడు పరిషత్తుల ఉమ్మడి సంఘం అధ్యక్షులుగా ఆయన ఒక్కరే, నా పుస్తకాలు సంచిలో వేసుకుని, రాజధానికి వెళ్లారు. మర్నాడు వార్తాపత్రికలో ఆయన ఛాయాచిత్రం వచ్చింది; నా పేరు లేదు. ఆనాటి నా దినచర్యలో 'అపహరణ' అన్న ఒక్క పదమే ఉంది. కొద్దిరోజులకు ఆయన దగ్గర నుంచి కవరు వచ్చింది. విప్పకుండానే తిప్పి పంపి, ఉత్తరాల రిజిస్టరులో 'స్వీకరించలేదు' అని రాసి తేదీ వేశాను. తరువాత గుట్టలు కప్పించే ఉత్తర్వు వెలువడింది. ప్రశంసలన్నీ ఆయనవే అయ్యాయి. నేను సభల్లో అవసరానికి మించి ఆయనతో మాట్లాడలేదు.

మొన్న పరామర్శకు కంచరపాలెం వెళితే, ఆయన సతీమణి సత్యవతమ్మ గారు ఆ కవరును నా చేతిలో పెట్టారు. అంటించినది అంటించినట్టే ఉంది.

"ఇది మీదే అన్నయ్యగారూ. మీరే ఎల్లి సెప్పీండని ఆయనతో ఎన్నిసార్లన్నానో. 'బావ తనంతట తాను సదూకోవాల, నాను సెప్తే అది సాచ్చెం కాదు' అనీవోరు. కవరు తిరిగొచ్చినా సోమారం పొద్దున్న మీరొత్తారని టేసన్లో రైలు కదిలీదాకా కిందే నిలబడ్డారు."

విప్పి చూస్తే లోపల నా పేరిట ప్రభుత్వ పిలుపు ఉంది. దానికి జతచేసిన చీటీలో ఆయన దస్తూరి: "బావా, గాలి పుస్తకాలు ఎవరివని అడిగారు. నీవని చెప్పాను. రాసినవాడే వచ్చి వివరించాలన్నాను, ఒప్పుకున్నారు. సోమవారం సిద్ధంగా ఉండు."

ఆధారం లేనిదే అక్షరం రాయనని విర్రవీగిన నేను ఒక మహనీయునిపై ఏ ఆధారమూ లేకుండా తీర్పు రాశాను. ఇది తెలిశాక కూడా అసూయ చావలేదు. ఇంతకుముందు ఆయన కీర్తి మీద ఉండేది, ఇప్పుడు ఆ ఓర్పు మీద ఉంది. మూడు పరిషత్తులకూ కొత్త అధ్యక్షులు వస్తారు. "నాకు తెలీదు" అని అందరికంటే ముందు అనగల గొంతు మాత్రం మరి రాదు.

నిన్న ఆ పాత రిజిస్టరు తీసి, 'స్వీకరించలేదు' అన్నదాని పక్కన ఎర్రసిరాతో 'స్వీకరించాను' అని రాసి తేదీ వేశాను. ఆ సంగతి పంపినవారికి తెలియజేసే దారి లేదు.