పులిసిన గంజి వాసన

పక్క వాటాలో ఉండే టీచరమ్మ తన నూలు చీరలకు తానే గంజి పెట్టుకుంటుంది. మొన్న మిగిలిన గంజిని గిన్నెలోనే మరిచిపోయి ఊరికి వెళ్లింది. రెండో రోజుకు ఆ పుల్లటి వాసన గోడ దాటి మా వరండాలోకి వచ్చింది. ఇంకెవరైనా అయితే ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం చెయ్యి తనంతట తాను పొట్ట మీదికి, బొడ్డు కింద నిలువుగా ఉన్న గీత దగ్గరికి పోయింది. ఎనభై దాటిన మనిషిని. ఆ భయం నాలో ఇంకా ఎక్కడో ఉందని ఆ వాసన వచ్చిన ప్రతిసారీ తెలుస్తుంది. దాంతోపాటు సుగుణమ్మ నర్సమ్మ కూడా గుర్తుకొస్తుంది.

సాగర్ ఆనకట్ట పనికి మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం నందికొండకు పోతున్న రోజులవి. కేతేపల్లిలో మా వీధి నిండా మగ్గాలే. ప్రభుత్వం వేసిన నర్సమ్మ మా వీధి చివరి ఇంట్లో కిరాయికి ఉండేది. పొట్టి మనిషి. ఎప్పుడూ ఎక్కడో ఆలస్యమైనట్టే నడిచేది. ఆమె ఎదురైతే దగ్గుతున్న ముసలివాళ్లు చేతిలోని చుట్టను వెనక్కి దాచేవాళ్లు. నా తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే, నన్ను బస్సులో పడుకోబెట్టి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయింది ఆమే. అక్కడ కడుపు కోసి ఆడపిల్లను తీశారు. పదో రోజున కుట్లు విప్పి ఇంటికి పంపారు. మా వీధిలో అట్లా బిడ్డను కన్నది నేనే మొదటిదాన్ని కాబట్టి, నన్ను చూడ్డానికి జాతరకు వచ్చినట్టు వచ్చారు.

ఇంటికి చేరిన రోజే సుగుణమ్మ మంచం పక్కన నిలబడి, నాకూ మా అత్తకూ కలిపి చెప్పింది.

"తడి తగలనియ్యొద్దు. దగ్గొస్తే తలకింది మెత్త పొట్టకు ఒత్తి పట్టుకో. బిడ్డకంటె బరువైంది ఏదీ లేపకు. పుండు మీద పసుపు, బూడిద, నూనె, ఏదీ పెట్టొద్దు. పథ్యమని నోరు కట్టుకోకు, పప్పు తిను, గుడ్డు తిను. రెండు నెల్ల దాంక మగ్గం గుంతల కాలు పెట్టినవో, నాతోని మాటలు పడ్తవు."

మరునాడు టీకాలు వెయ్యడానికి వేరే ఊళ్లకు వెళ్లింది. నాలుగు రోజులు రాలేదు.

మా అత్తకు నన్ను చూస్తే గుండెదడ. నేను దగ్గితే కుట్టుపడిన చోటు పిగిలిపోతుందేమోనని, లేచి నిలబడితే పేగులు జారతాయేమోనని ఆమె భయం. బాలింతకు నడికట్టు కట్టడం అందరూ చేసేదే. కానీ మెత్తటి పాత చీర జారిపోతోందని, ఆమె దానికి మగ్గం మీది పడుగు నూలుకు పెట్టినంత చిక్కగా గంజి పెట్టి, ఎండబెట్టి, అట్టలా అయినదాన్ని తెచ్చి నా పొట్టకు చుట్టింది.

"నర్సమ్మ ఏమీ పెట్టొద్దన్నది గదత్తా," అన్నాను.

"పసుపు వద్దన్నది, బూడిద వద్దన్నది, నూనె వద్దన్నది. గంజి వద్దనలే గద! అయినా పుండుకు పెడ్తున్ననా, గుడ్డకు పెట్టిన. నూలుపోగే గంజి లేంది మగ్గం మీద నిలవది. గింత మెత్తటి తోలు ఎట్ల నిలుస్తది పిల్లా?"

నాకూ ఆ మాట సబబుగానే అనిపించింది. మొదటి రోజు హాయిగా కూడా ఉంది. రెండో రోజు ఉక్కకు చెమట పట్టి గంజి మెత్తబడింది. గుడ్డ అంచు మానుతున్న చోట రాసుకోవడం మొదలైంది. పుల్లటి వాసన వచ్చింది. నేతపని చేసే ఇంట్లో పులిసిన గంజి వాసనను ఎవరు పట్టించుకుంటారు? మేము పుట్టి పెరిగిందే ఆ వాసనలో. ఆ వాసన కిందనే ఇంకో వాసన కూడా ఉందని ఎవరికీ తెలియలేదు.

నాకు తెలిసింది. మూడో రోజు పొద్దున గుడ్డ మీద పసుపుపచ్చటి మరక చూశాను. దాన్ని మళ్లీ అట్లాగే చుట్టుకున్నాను. చెప్పలేదు. చెబితే మా అత్తను అందరూ తలో మాట అంటారు. చెబితే మళ్లీ దవాఖానకు తీసుకుపోయి మళ్లీ కోస్తారు. చెప్పకపోతే లేనట్టే అనుకునే వయసు నాది. పిల్లకు పాలిస్తూ, నేను పోతే ఇది ఎవరి పాలు తాగుతుందని ఏడ్చాను. అంత ఏడ్చి కూడా నోరు విప్పలేదంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.

ఐదో రోజు మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఎట్లున్నవు బిడ్డా?"

"బాగనే ఉన్న."

ఆమె అందరినీ బయటికి పంపి, అత్తను మాత్రం ఉంచి తలుపు వేసింది. "చూపియ్యి," అంది.

కట్టు విప్పితే గీత కింది కొస రెండు వేళ్ల మేర విచ్చుకొని చీము పట్టి ఉంది. మా అత్త "నా చేతులార చేసుకుంటి" అంటూ కూలబడింది. ఇక ఆమెకు మూడిందనుకున్నాను. సుగుణమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు.

"పెద్దమ్మా, లే. పొయ్యి అంటుపెట్టు. గంజికి నీళ్లెట్ల మసల పెడ్తవో గట్లనే పెట్టి, గీ గుడ్డలు అండ్ల ఉడకనియ్యి. బియ్యం మాత్రం వెయ్యకు."

ఆ తర్వాత నా వైపు తిరిగింది. "ఎప్పటి సంది?"

"రెండ్రోజుల సంది."

"దాసుకోనీకి అదేమన్న బంగారమా? నీ మాట నమ్మి నేను గట్లనే పోతే ఏమయ్యేది?"

ఆ పూటే నల్లగొండకు తీసుకుపోయింది. డాక్టరు చీము తీసి, మళ్లీ కుట్టడం కుదరదని, లోపలి నుంచి దానంతట అదే పూడుకోవాలని చెప్పి, సూదులు రాసిచ్చాడు. తర్వాత దాదాపు నెల రోజులు సుగుణమ్మ రోజుకు రెండుసార్లు వచ్చి కట్టు మార్చింది. గుడ్డలు ఉడికించే పని మా అత్తది. ఆమె వాటిని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నేను రోజూ అదే అడిగేదాన్ని, "మూసుకుంటదా నర్సమ్మా?" అని. ఫికర్ చెయ్యకు అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. "ఆగు, చూసి చెప్త," అనేది. చూసే దాకా నేను ఆమె మొహాన్నే చూస్తుండేదాన్ని. "నిన్నటికంటె తక్కువున్నది," అన్న రోజు ఆకలి వేసేది.

చివరికి మూసుకుంది. కానీ పైన సన్నటి దారంలా ఉన్న గీత, కింద వెడల్పుగా ముడతపడి ఉంది. అది చూసుకొని ఏడిస్తే సుగుణమ్మ అంది, "పైన సన్నగున్నది సూడు, అది సక్కగ మానిన జాగా. కింద ఎడల్పున్నది నువ్వు చెప్పకుండ ఉన్న రెండు రోజులు." ఆ మాట నాకు చురుక్కున తగిలింది. ఆమె మాత్రం కొబ్బరినూనె సీసా తెచ్చి, పచ్చి పుండుకు వద్దు గాని మానిన తోలుకు మంచిదేనని, మెల్లగా ఎట్లా రాయాలో చూపించింది.

రెండేళ్లకు ఆమెకు పాలమూరు వైపు బదిలీ అయింది. వెళ్లే ముందు మా ఇంట్లో తిని, చేతులు కడుక్కుంటూ అంది, "ఆనాడు మీ గడప తొక్కంగనే గా వాసన తెలిసింది. కాళ్లు వణికినయి బిడ్డా."

"మాకేం కనబడలేదే!"

"నేను వణుక్కుంట నిలవడితే నిన్నెవరు చూడాలె?"

మళ్లీ ఆమెను చూడలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ తర్వాత మా వీధిలో ఏ బాలింత ఇంటికి వచ్చినా నేను వెళ్లి తలుపు వేసి, చూపించమనేదాన్ని. కొందరు తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను.

నా కూతురు, ఆ పిల్లే, తన కాన్పులో ఆపరేషనై ఇంటికి వచ్చినప్పుడు "ఎట్లుంది?" అని అడిగాను. "బాగనే ఉందమ్మా," అంటూ పైట సర్దుకుంది. నా కాళ్లలో సత్తువ పోయింది. అయినా తలుపు వేసి, చూపించమన్నాను. శుభ్రంగా మానుతోంది. అప్పుడు కూర్చున్నాను.

"నేను చెప్తే నమ్మవా అమ్మా?" అని నవ్వింది.

"నమ్మను బిడ్డా. గా మాట చెప్పే నిన్ను తల్లి లేని పిల్లను చెయ్యబోయిన," అన్నాను.