తలుచుకుంటేనే అంకె

మా పై వాటా మాస్టారు పోయారు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున, ఆయన భార్య పిన్నిగారు గోరిమేడు ఆసుపత్రి నుంచి మా ఆయనకు ఫోను చేసి చెప్పారు. నేను పొయ్యి మీది పాలు దించి, గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

యానాం నుంచి పెళ్లయి పుదుచ్చేరి వచ్చినప్పుడు, బయటివాళ్లలో నాతో తెలుగు మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. ఆయనది తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నాకేమో ఇంగ్లీషు చదవడం రాదు. మేడ మీద నీళ్ల తొట్టికి ఆయన ఒక చిన్న పెట్టె బిగించారు. తొట్టి నిండగానే అది నా ఫోనుకు కబురు పంపాలి. ఆ కబురు ఎవరు రాయాలన్న దగ్గర ఇద్దరం చిక్కుకున్నాం. చివరికి నవ్వి, తన గొంతే పెట్టారు, అమ్మా అనే చోట ఇక్కడివాళ్లలా 'మా' అంటూ. "తొట్టి నిండిపోయె మా, మోటార్ ఆపు."

ఇలా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వస్తువుల గురించే కాలేజీ తరఫున ఆయన ఒక పరిశోధన పత్రిక నడిపేవారు. దాని విలువ ఎంతో చెప్పే అంకె ఒకటి ఏటా వచ్చేది. ఈసారి కూడా తగ్గితే పత్రిక ఆపేస్తామని కాలేజీవాళ్లు చెప్పారట. సాంబారు ఇవ్వడానికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, ఆ అంకె అంటే ఏమిటని ఒకసారి అడిగాను. ఆయన భోజనం చేస్తున్నారు.

"తినేటప్పుడు పొలమారితే మీ అమ్మ ఏమంటాది?"

"ఎవరో తలుచుకుంటున్నారంటుందండి."

"అంతే మా. మా పత్రికలో వచ్చినదాన్ని వేరేవాళ్ళు వాళ్ళ రాతల్లో తలుచుకోవాల. ఎంత తలుచుకొంటే అంత అంకె. అదీ రెండేళ్ళ లోపలే."

ఆ తర్వాత తలుచుకుంటే అంకెలో చేరదట. ఏంబలంలో బావి నీళ్లు కొలిచే పెట్టె గురించి వేసిన వ్యాసాన్ని ఎవరూ తలుచుకోలేదట. ఆ ఊరి రైతులు మాత్రం ఆ పెట్టెను చూసుకునే మోటారు వేస్తున్నారు. వాళ్లు వ్యాసాలు రాయరు కదా, అన్నారు.

అంకె పెంచడానికి దారి ఉందని కాలేజీలో తోటివారొకరు ఇంటికొచ్చి చెప్పారు. కొత్తగా రాసేవాళ్లను ఈ పత్రికలోని పాత వ్యాసాలనే పేర్కొనమంటే సరిపోతుందట. మాస్టారు గొంతు పెంచలేదు.

"మనమే గొంతులో నీళ్ళు పోసుకొని పొలమారి, ఎవురో తలుచుకుంటా ఉండారు అంటే ఎట్లప్పా?"

వంటింట్లో పిన్నిగారూ నేనూ నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆసుపత్రిలో చూడటానికి వెళితే, "అంకె వచ్చినాదా మా?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. నాకేం తెలుస్తుంది?

కర్మ అయిన మర్నాడు పిన్నిగారు ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏదో వచ్చింది, చూడమన్నారు. అంతా ఇంగ్లీషు. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. సాయంత్రం మా ఆయన చదివి చెప్పారు. అంకె తగ్గింది, పత్రిక ఆపేస్తున్నారు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో మాకు తెలియలేదు. పిన్నిగారు ఫోను కొంగుతో తుడుచుకుని పైకి వెళ్లిపోయారు.

నేనిక్కడ ఆయన్ని తలుచుకుంటున్నాను. ఇది ఏ అంకెలోనూ చేరదు. మీరు చదివి తలుచుకున్నా చేరదు.

ఈ పొద్దున మోటారు వేసి బియ్యం కడుగుతుంటే గట్టు మీద ఫోను మాట్లాడింది. "తొట్టి నిండిపోయె మా, మోటార్ ఆపు."

ఆపుతున్నానండీ అన్నాను, ఎప్పటిలాగే. ఆపకపోతే అది మళ్లీ ఒకసారి చెబుతుంది. నీళ్లు పొర్లి మేడ మెట్ల మీదుగా దిగుతుంటే, స్విచ్చి మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాను.