నాయనమ్మ వంగచెక్కలో తొమ్మిది చుట్లు

అప్పట్లో బెజవాడ నుంచి ఏ యంత్రం వచ్చినా మా ఊళ్లో ముందు దానికి బొట్టు పెట్టేవాళ్లం పిల్లలూ, అది దేనికి పనికొస్తుందని తర్వాత అడిగేవాళ్లం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మా బాబాయి అద్దెకు తెచ్చిన ట్రాక్టరుకీ అదే మర్యాద. పెద్ద పొలంలో దిగేముందు అది నాయనమ్మ వంగచెక్కలో మూడు చుట్లు తిరగాలన్నారు (ఏటా వంకాయలు వేసే ఆ పది సెంట్ల చెక్కే ఆవిడ సొంతం, ప్రాణం కూడా). హారతి పళ్లెం పట్టుకుని మడ్గార్డు మీద కూర్చునే భాగ్యం పదేళ్ల నాకు దక్కింది. మూడు చుట్లూ చిటికెలో అయిపోయాయి. నాకు దిగబుద్ధి కాలేదు. "నాయనమ్మ తొమ్మిది మొక్కుకుందండీ" అన్నాను డ్రైవరుతో, మహా భక్తురాలిలా ముఖం పెట్టి.

ముందురోజే వాన పడింది. చక్రాలు దిగబడుతుంటే పాత గాడి వదిలి కొత్త గాడి పట్టుకుంటూ ఆయన చెక్కంతా తొక్కేశాడు. గట్టు మీదున్న నాయనమ్మ, కొడుకే తిప్పిస్తున్నాడనుకుంది. బాబాయేమో అమ్మ మొక్కనుకున్నాడు. ఆ రొదలో అడిగేదెవరు?

తర్వాత నాటిన వంగనారు పదిరోజుల్లో పసుపెక్కింది. పోసిన నీళ్లు ఇంకలేదు. పెద్ద పాలేరు గునపం వేస్తే జానెడు లోతున టంగుమంది.

"ఇది చేను కాదు బాబుగారూ, తడినేల తొక్కించి రోడ్డేశారు."

"ఆ డ్రైవర్ని మళ్లీ ఊళ్లో అడుగు పెట్టనివ్వను!" బాబాయి ఎగిరాడు.

"పోనీలేరా, ఈ గట్టినేల మీద వడియాలు పెట్టుకుంటా" అంది నాయనమ్మ. అందిగానీ, వాడిన నారు పీకి పారెయ్యకుండా ఒళ్లో పెట్టుకుంది. ఇక ఆగలేకపోయాను.

"తొమ్మిదని చెప్పింది నేనే నాయనమ్మా."

"నా పేరు చెప్పి దేవుడికే లెక్క పెంచావుటే గడుగ్గాయీ! అయితే నువ్వే బాగుచెయ్యి."

పాలేరు సలహా మీద నాయనమ్మా నేనూ జనుము చల్లాం. "దీని వేరు గునపం కంటే మొండిదండీ అమ్మాయిగారూ" అన్నాడతను. పచ్చటి పూలు పూశాక దాన్ని నేలలోనే కలియదున్నారు (ఎడ్లతోనే లెండి). రోజూ వెళ్లి వేలు గుచ్చి చూసేదాన్ని. ఒక ఉదయం రెండో కణుపుదాకా దిగింది. నా కేకకి కాలవలో కొంగలన్నీ లేచాయి.

మరుసటి కాపులో తొలి వంకాయల బుట్ట నాయనమ్మ ఆ డ్రైవరుకే పంపింది. "నేల ఆరాక రమ్మను. ఈ పిల్ల ఎక్కడుందో మాత్రం ముందు చూసుకోమను" అంది.

ఆయన వచ్చినప్పుడు నేను గాదె వెనక దాక్కున్నాను. ఇప్పుడైతే ఎదురెళ్లి తప్పయిందని చెబుదును. కానీ అంత ఎత్తున కూర్చోబెట్టి, కృష్ణ గాలి ముఖానికి కొడుతుంటే మూడుకే దిగిపొమ్మంటే, ఈ వయసులోనూ దిగుతానని మాటివ్వలేను.